అల్లూరి సీతారామరాజు

అల్లూరి సీతారామరాజు (1897 జూలై 4 - 1924 మే 7) భారత స్వాతంత్ర్య చరిత్రలో ప్రముఖ విప్లవ యోధుడు. 1922 నుండి 1924 వరకు నేటి ఆంధ్ర ప్రదేశ్‌లోని గూడెం, రంప మన్య ప్రాంతాల్లో జరిగిన సాయుధ తిరుగుబాటుకు నాయకత్వం వహించాడు. 27 ఏళ్ళు నిండకుండానే ప్రభుత్వ బలగాల చేతిలో మరణించాడు. ఈ తిరుగుబాటును రంప పితూరీ అని, మన్యం తిరుగుబాటు అని పిలుస్తారు.

రాజు పోరాటంలో ఆయుధ సేకరణకు ప్రత్యేక స్థానం ఉంది. తిరుగుబాటుదారులకు ఆయుధాలు సరఫరా చేసే బయటి శక్తి ఏదీ లేదు. పోలీసు స్టేషన్ల నుండి తెచ్చుకున్న తుపాకులు, వాటితో పాటు దొరికిన తూటాలే వారి ప్రధాన బలం. నాటు తుపాకికి కావలసిన మందును అడవిలో తయారు చేసుకోవచ్చు గానీ, పోలీసు తుపాకికి కావలసిన లోహపు తూటాను అక్కడ తయారు చేయడం సాధ్యం కాదు. తిరుగుబాటు వేగంగా విజృంభించడానికి, తరువాత క్రమంగా క్షీణించడానికి గల కారణాల్లో ఈ భేదం ఒకటి.

కుటుంబ నేపథ్యం, బాల్యం

అల్లూరి వారి పూర్వీకులు కోనసీమకు చెందినవారు. రాజోలు తాలూకాలోని కోమటిలంక, బట్టేలంక గ్రామాల్లో వీరు స్థిరపడ్డారు. కోమటిలంక గోదావరిలో మునిగిపోవడంతో అక్కడివారు అప్పనపల్లి, అంతర్వేదిపాలెం మొదలైన గ్రామాలకు వలస వెళ్ళారు. అప్పనపల్లి చేరిన శాఖవారు కాలక్రమంలో భీమవరం సమీపంలోని మోగల్లులో స్థిరపడ్డారు. సీతారామరాజు ఈ శాఖకు చెందినవాడు.

తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. రాజు తన మాతామహుల ఊరైన పాండ్రంగిలో జన్మించాడు. ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉంది. కొన్ని గ్రంథాల్లో జన్మ సంవత్సరం 1898గా కనిపిస్తుంది. మాతామహుడు మందలపాటి శ్రీరామరాజు పేరే ఇతనికి పెట్టారు. సీతారామరాజు అనే పేరు తరువాతి కాలంలో వచ్చింది. ఇతనికి సీతమ్మ అనే చెల్లెలు, సత్యనారాయణరాజు అనే తమ్ముడు ఉన్నారు.

వెంకటరామరాజు ఫోటోగ్రాఫరు. 1902 ప్రాంతంలో కుటుంబం రాజమండ్రిలో స్థిరపడింది. 1908లో గోదావరి పుష్కరాల సమయంలో కలరా సోకి ఆయన మరణించాడు. అప్పటికి రాజు వయసు 11 సంవత్సరాలు. తండ్రి మరణంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. ప్రభుత్వోద్యోగి అయిన పినతండ్రి రామకృష్ణంరాజు వీరిని ఆదుకున్నాడు.

స్థిరనివాసం లేకపోవడం వలన రాజు చదువు అనేక ఊళ్ళలో సాగింది. భీమవరం, నరసాపురం, రాజమండ్రి, రామచంద్రపురం, కాకినాడ, తుని ఊళ్ళలో ఇతడు చదివాడు లేదా నివసించాడు. వీటిలో రామచంద్రపురం గోదావరి తీరాన గల కపిలేశ్వరపురానికి దగ్గరి పట్టణం. 1912లో రాజు ఇక్కడే ఏడవ తరగతి పూర్తి చేసాడు. ఆ తరువాత కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలలో చేరాడు. స్వాతంత్ర్య సమరయోధుడు మద్దూరి అన్నపూర్ణయ్య అక్కడ ఇతని సహాధ్యాయి. బడి చదువు కంటే గుర్రపుస్వారీ, జ్యోతిషం, మూలికా వైద్యం రాజును ఎక్కువగా ఆకర్షించాయి.

దేశాటన, మన్య ప్రవేశం

1916 ఏప్రిల్‌లో రాజు ఉత్తర భారతదేశ యాత్రకు బయలుదేరాడు. కాశీ, ఉజ్జయిని, హరిద్వారం, బదరీనాథ్ మొదలైన క్షేత్రాలను దర్శించాడు. కలకత్తాలో సురేంద్రనాథ్ బెనర్జీ వద్ద కొంతకాలం ఉన్నాడు. తిరిగివచ్చి 1917 జూలైలో కృష్ణదేవుపేట చేరుకున్నాడు. చిటికెల భాస్కరనాయుడు కుటుంబం ఇతనికి ఆశ్రయం ఇచ్చింది. సమీపంలో కుటీరం నిర్మించుకుని తపస్సు, వైద్యం చేస్తూ గడిపిన రాజు పట్ల మన్యవాసుల్లో భక్తి, నమ్మకం ఏర్పడ్డాయి.

మన్యంలో పరిస్థితులు

గూడెం, రంప ప్రాంతాల్లో కొండదొరలు, కోయలు, భగతలు మొదలైన తెగలు నివసించేవి. పోడు వ్యవసాయం వీరి ప్రధాన జీవనాధారం. అడవిలో కొంత భాగాన్ని నరికి, కాల్చి, కొన్నేళ్ళు సాగుచేసి, తరువాత మరొక చోటికి మారే పద్ధతి ఇది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుపైనా, అటవీ ఉత్పత్తుల సేకరణపైనా ఆంక్షలు విధించింది. ముఠాదారులు, మునసబులు అనే స్థానిక పెద్దల హక్కులు కూడా క్రమంగా తగ్గిపోయాయి.

రంప ప్రాంతానికి తిరుగుబాటు కొత్తది కాదు. 1879లో కల్లు పన్ను, ముఠాదారుల సమస్య కారణంగా పెద్ద పితూరీ జరిగింది. అప్పుడు కూడా పోలీసు స్టేషన్లే తొలి లక్ష్యాలయ్యాయి.

1920 తరువాత గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ చర్యలు అసంతృప్తిని పెంచాయి. నర్సీపట్నం నుండి లంబసింగి వరకు రోడ్డు నిర్మాణంలో మన్యవాసుల చేత తక్కువ కూలికి బలవంతంగా పని చేయించారు. బట్టిపనుకుల గ్రామానికి చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు అధికారుల చర్యల వలన భూమిని, పదవిని కోల్పోయారు. వీరిద్దరూ రాజుకు ముఖ్య అనుచరులయ్యారు. కంకిపాటి ఎండు పడాలు, అగ్గిరాజు అని పేరుపడిన వేగిరాజు సత్యనారాయణరాజు ఇతర ముఖ్య సహచరులు.

రాజు మద్యపానం మానమని, తగాదాలను పంచాయితీల ద్వారా పరిష్కరించుకోమని బోధించడంతో ప్రభుత్వం ఇతనిని సహాయ నిరాకరణోద్యమకారునిగా అనుమానించింది. 1922 ప్రారంభంలో ఇతనిని మన్యం నుండి తప్పించి నిఘాలో ఉంచారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ సహాయంతో రాజు పైడిపుట్టలో నివాసం ఏర్పరచుకుని, అక్కడి నుండి తిరిగి మన్యానికి చేరుకున్నాడు.

ఆయుధ సమస్య

1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి, మందుగుండు కలిగి ఉండటం నేరం. మన్యవాసులకు అలవాటైన ఆయుధాలు విల్లంబులు, కత్తులు, కొద్దిపాటి నాటు తుపాకులు. నాటు తుపాకిలో మందును, గుండును గొట్టం మూతి నుండి దట్టిస్తారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు చేసుకోవచ్చు. సీసాన్ని కరిగించి గుండ్లు పోసుకోవచ్చు. ఈ తుపాకికి సరఫరా చిక్కులు తక్కువే గానీ, ఒకసారి కాల్చిన తరువాత తిరిగి దట్టించడానికి చాలా సమయం పడుతుంది. వానలో మందు తడిస్తే తుపాకి పేలదు. మన్యంలో తిరుగుబాటు మొదలైంది ఆగష్టు నెలలో, అంటే వర్షాకాలంలో.

పోలీసుల వద్ద ఉన్న తుపాకులు వెనుక నుండి తూటా పెట్టి కాల్చేవి. మందు, గుండు, నిప్పు పుట్టించే కేపు - ఈ మూడూ ఒకే లోహపు తొడుగులో ఇమిడి ఉండటం వలన వీటిని త్వరగా నింపవచ్చు, తడి భయం కూడా తక్కువ. అయితే ఈ తూటాలు కర్మాగారంలో తయారు కావలసిందే. వాటిని సంపాదించడానికి రాజు ముందున్న మార్గం అవి ఉన్న చోటి నుండి తీసుకోవడమే.

పోలీసు స్టేషన్లపై దాడులు

1922 ఆగష్టు 22న రాజు సుమారు 300 మంది అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసాడు. అక్కడ 11 తుపాకులు, 1,390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు లభించాయి. తీసుకువెళ్ళిన వస్తువుల వివరాలను స్టేషను రికార్డు పుస్తకంలో రాసి రాజు సంతకం చేసాడు. ఆ తరువాత అనేక దాడుల్లో ఇదే పద్ధతిని పాటించాడు. చేస్తున్నది దొంగతనం కాదని, బహిరంగ యుద్ధమని చాటడానికి ఇది ఉపయోగపడింది. చరిత్రకారులకు తుపాకుల లెక్క ఇంత స్పష్టంగా తెలియడానికి కూడా ఈ అలవాటు కొంతవరకు కారణం.

ఆగష్టు 23న కృష్ణదేవుపేట స్టేషనుపై దాడిచేసి 7 తుపాకులను, కొంత మందుగుండును స్వాధీనం చేసుకున్నారు. ఆగష్టు 24న రాజవొమ్మంగి స్టేషనులో కొంత ప్రతిఘటన ఎదురైంది. అక్కడ 8 తుపాకులు, 825 తూటాలు దొరికాయి. ఆ స్టేషనులో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు.

వరుసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్లను పట్టుకోవడం ప్రభుత్వానికి తీవ్ర దిగ్భ్రాంతి కలిగించింది. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తిరుగుబాటుదారుల వశమయ్యాయి.

తూటాల లెక్క

26 తుపాకులకు 2,500 తూటాలంటే తుపాకి ఒక్కింటికి సగటున సుమారు 96 మాత్రమే. చింతపల్లిలో దొరికినవాటిని విడిగా లెక్కిస్తే తుపాకికి 126, రాజవొమ్మంగిలో 103 వస్తాయి. ఆ కాలపు బ్రిటిష్ పదాతి సైనికుడు 1908 నమూనా నడికట్టు సంచుల్లో తన వెంట 150 తూటాలు మోసుకువెళ్ళేవాడు. అంటే తిరుగుబాటు మొత్తానికి సమకూరిన నిల్వ, తుపాకి లెక్కన చూస్తే, ఒక సైనికుడు ఒంటిపై మోసే దానికంటే తక్కువ. .303 రైఫిలుతో సుశిక్షితుడైన సైనికుడు నిమిషానికి 15 సార్లు గురిచూసి కాల్చగలడు. ఆ వేగంతో 96 తూటాలు ఏడు నిమిషాల లోపే అయిపోతాయి. సైనికుని వెనుక తిరిగి సరఫరా చేసే వ్యవస్థ ఉంటుంది. రాజు దళానికి అటువంటిది లేదు.

ఈ కారణంగా ఎదురెదురు నిలిచి సుదీర్ఘంగా కాల్పులు జరపడం తిరుగుబాటుదారులకు తగని పద్ధతి అయింది. ఇరుకైన కనుమల్లో పొంచి ఉండి, ఎంపిక చేసిన లక్ష్యంపై దగ్గరి నుండి కొద్దిసార్లు కాల్చి అడవిలోకి తప్పుకునే గెరిల్లా పద్ధతి వారి భూమికీ, వారి నిల్వలకూ సరిపోయింది.

తూటా తొడుగు: ఇత్తడి, ఉక్కు

తూటాను అడవిలో ఎందుకు చేసుకోలేకపోయారో తెలియాలంటే దాని తొడుగు పనిని గమనించాలి. తుపాకి మీట నొక్కగానే సూది కేపును కొడుతుంది. కేపు నుండి పుట్టిన నిప్పు మందును అంటించగా, ఆ వాయువుల ఒత్తిడి గుండును ముందుకు తోస్తుంది. అదే క్షణంలో తొడుగు వ్యాకోచించి తుపాకి గదిని అంటుకుపోయి, వాయువులు వెనుకకు రాకుండా మూసివేస్తుంది. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా సంకోచించి గోడను వదులుతుంది. అప్పుడే ఖాళీ తొడుగును సులభంగా బయటకు లాగవచ్చు.

ఈ పనికి ఇత్తడి బాగా అనువైన లోహం. సాధారణంగా తూటాల ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఇత్తడి బిళ్ళను పలుమార్లు సాగదీస్తూ, మధ్యమధ్య వేడిచేసి మెత్తబరుస్తూ తొడుగును తయారు చేస్తారు. అడుగుభాగం గట్టిగా, మూతి మెత్తగా ఉండాలి. ఇందుకు భారీ యంత్రాలు, ఖచ్చితమైన కొలతలు అవసరం. భారతదేశంలో 1869లో పూణే సమీపంలోని కిర్కీలో మందుగుండు కర్మాగారం ఏర్పడింది.

తొడుగు లోహంలో లోపం ఎంత ప్రమాదకరమో బ్రిటిష్ సైన్యానికి ముందే అనుభవం ఉంది. మార్టిని-హెన్రీ రైఫిలుకు వాడిన తొలి తూటాల తొడుగు పలుచని ఇత్తడి రేకు చుట్టతోను, అడుగు బిళ్ళ ఇనుముతోను చేసినవి. 1885లో సూడాన్ యుద్ధంలో వేడెక్కిన తుపాకుల్లో ఈ తూటాలు ఇరుక్కుపోయి, లాగినప్పుడు అడుగు బిళ్ళ ఊడివచ్చింది. ఆ తరువాత ఏకఖండంగా సాగదీసిన ఇత్తడి తొడుగులు వాడుకలోకి వచ్చాయి.

ఉక్కు తొడుగులు రాగి కొరత వలన వ్యాప్తిలోకి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ వీటిని తయారు చేసింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సోవియట్ యూనియన్ వీటిని పెద్ద ఎత్తున వాడింది. ఉక్కు చవకైనది, దృఢమైనది. కానీ ఇత్తడి అంత సులభంగా వ్యాకోచించదు, సంకోచించదు. అందువలన గదిని పూర్తిగా మూయక మసి చేరడం, ఖాళీ తొడుగు ఇరుక్కోవడం వంటి ఇబ్బందులు కొన్ని తుపాకుల్లో కలుగుతాయి. తుప్పు పట్టకుండా ఉక్కుకు లక్క వంటి పూతను, రాగి పూతను లేదా జింకు పూతను వేస్తారు. కలాష్నికోవ్ వంటి తుపాకులకు వాడే తూటా మూతివైపు సన్నగిల్లే ఆకారంలో ఉండటం వలన ఉక్కు తొడుగు కూడా సులువుగా బయటకు వస్తుంది.

భద్రత విషయంలో లోహం కంటే ముందు చూడవలసినది కొలత. తుపాకిపై ముద్రించిన తూటా రకం, తూటా అడుగున గల గుర్తు ఒకటై ఉండాలి. ఒక కొలత తూటా మరొక కొలత తుపాకిలో పట్టినంత మాత్రాన అది సురక్షితం కాదు. ఉక్కు తూటాలను తుపాకి తయారీదారు అనుమతించినప్పుడే వాడాలి. వాడిన తరువాత గదిని శుభ్రపరచాలి. తుప్పు పట్టిన, పగిలిన, సొట్టపడిన తొడుగు ఏ లోహానిదైనా వాడరాదు. మీట నొక్కినా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు ఉంచి కొంతసేపు వేచి ఉండాలి, ఎందుకంటే మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. పేలుడు శబ్దం బలహీనంగా ఉంటే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండే అవకాశం ఉంది. మరొక తూటా కాల్చితే గొట్టం పగులుతుంది. ఎక్కడైనా పాత తూటాలు దొరికితే వాటిని కొట్టడం, వేడిచేయడం చేయక పోలీసులకు తెలియజేయాలి. 2026 నాటికి భారతదేశంలో తుపాకులు, తూటాలు 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నియమాల పరిధిలో ఉన్నాయి.

కాల్చిన ఇత్తడి తొడుగును తగిన పరికరాలు, కొత్త కేపు, సరైన మందు ఉంటే తిరిగి నింపవచ్చు. మన్యంలోని దళానికి అటువంటి కర్మాగార సామాగ్రి అందుబాటులో లేదు. అందువలన కాల్చిన ప్రతి తూటా తిరిగిరాని ఖర్చే.

దామనపల్లి ఘాటీ

స్టేషన్లపై దాడుల తరువాత ప్రభుత్వం గాలింపు దళాలను పంపింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో రాజు దళం ఒక పోలీసు పటాలం కోసం పొంచి ఉంది. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వస్తున్న బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపారు. భారతీయులకు హాని చేయరాదనేది రాజు పాటించిన నియమం. కొద్ది కాల్పులతోనే పటాలం చెదిరిపోయింది. కొన్ని ఆయుధాలు కూడా దళానికి చిక్కాయి. తిరుగుబాటుదారుల విజయాల్లో ఇది అత్యంత ప్రసిద్ధమైనది.

ఆయుధాలు లేని స్టేషన్లు

ఆగష్టు దాడుల నుండి ప్రభుత్వం ఒక పాఠం నేర్చుకుంది. మన్యం స్టేషన్లలో తుపాకులు, తూటాలు ఉంచడం తిరుగుబాటుకు సరఫరా చేయడంతో సమానమని గ్రహించి, వాటిని అక్కడి నుండి తరలించింది. 1922 అక్టోబరు 15న రాజు ముందుగా సమాచారం పంపి మరీ అడ్డతీగల స్టేషనుపైకి వెళ్ళాడు. అక్టోబరు 19న రంపచోడవరం స్టేషనును పట్టపగలే ముట్టడించాడు. రెండు చోట్లా చెప్పుకోదగిన ప్రతిఘటన లేదు, ఆయుధాలూ లేవు. ప్రజల్లో రాజు ప్రతిష్ఠ పెరిగింది గానీ దళానికి ఒక్క తూటా కూడా అదనంగా చేరలేదు.

పైకి విజయాలుగా కనిపించే ఈ దాడులు నిజానికి తిరుగుబాటుకు మలుపు. ఆగష్టులో మూడు రోజుల్లో చేకూరిన నిల్వకు ఆ తరువాత ఆ స్థాయిలో భర్తీ జరగలేదు.

పెదగడ్డపాలెం

1921లో మలబారు తిరుగుబాటు సమయంలో ఏర్పాటు చేసిన మలబారు ప్రత్యేక పోలీసు దళాన్ని మన్యానికి రప్పించారు. వీరికి అడవుల్లో, కొండల్లో పోరాడిన అనుభవం ఉంది. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలల్లో రాజు దళంపై ఈ బలగాలు దాడి చేసాయి. ఆ రాత్రి మరొక దాడి జరిగింది. రెండు ఘర్షణల్లో కలిపి సుమారు 12 మంది తిరుగుబాటుదారులు మరణించారు. కొన్ని ఆయుధాలు కూడా పోయాయి. అడవి రక్షణ లేని బయలు ప్రదేశంలో, తూటాల కొరత లేని బలగాలతో తలపడటం ఎంత నష్టదాయకమో ఈ సంఘటన తెలియజేసింది. దీని తరువాత కొన్ని నెలల పాటు దళం కార్యకలాపాలు నిలిచిపోయాయి. రాజు మరణించాడనే వదంతి కూడా వ్యాపించింది.

1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరంలో ప్రత్యక్షమయ్యాడు. పోలీసు స్టేషనుకు వెళ్ళి ఆయుధాల కోసం చూడగా అక్కడ ఏమీ లేవు. కొండపైకి వెళ్ళి సత్యనారాయణస్వామిని దర్శించుకున్నాడు. ప్రజలు ఇతనిని ఆదరించారు. అందుకు ప్రతిగా ప్రభుత్వం గ్రామంపై జరిమానా విధించింది.

చివరి దశ, మరణం

1923 సెప్టెంబరులో మల్లుదొర పోలీసులకు పట్టుబడ్డాడు. రాజును పట్టి ఇచ్చినవారికి ప్రకటించిన బహుమతిని ప్రభుత్వం 10,000 రూపాయల వరకు పెంచింది. 1924 ప్రారంభంలో అస్సాం రైఫిల్స్ దళాలు మన్యానికి వచ్చాయి. ఏప్రిల్ 17న రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా నియమితుడయ్యాడు.

కొత్త బలగాలు అడవిలో అన్ని దిక్కులా గాలింపు ముమ్మరం చేసాయి. రాజు ఆచూకీ చెప్పమని, దళానికి తిండి పెట్టవద్దని గ్రామాలను తీవ్రంగా నిర్బంధించాయి. దళానికి తూటాలతో పాటు ఆహారం, సమాచారం కూడా కరువయ్యాయి. తిరుగుబాటు భారాన్ని ఎక్కువగా మోసింది తుపాకి పట్టని గ్రామస్థులే.

1924 మే 6న జరిగిన పోరులో అగ్గిరాజు పట్టుబడ్డాడు. అతనిని అండమాను జైలుకు పంపగా అక్కడే మరణించాడు. మే 7న మంప సమీపంలో రాజు బలగాలకు చిక్కాడు. ఇతనిని కొయ్యూరులో ఉన్న మేజర్ గుడాల్ వద్దకు తీసుకువెళ్ళారు. అక్కడే రాజును కాల్చి చంపారు. పారిపోవడానికి ప్రయత్నించగా కాల్చవలసి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. చెట్టుకు కట్టి, విచారణ లేకుండా కాల్చారని మన్యం ప్రజలు విశ్వసించారు. ఎటు చూసినా న్యాయస్థానం ముందు నిలబెట్టకుండానే ఇతని ప్రాణం తీసారన్నది వాస్తవం. రాజు భౌతిక కాయానికి కృష్ణదేవుపేటలో అంత్యక్రియలు జరిపారు. ఆ స్థలంలో సమాధి ఉంది.

1924 జూన్ 7న గంటందొర పోరాటంలో మరణించాడు. దానితో తిరుగుబాటు దాదాపుగా ముగిసింది. మల్లుదొర శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యానంతరం 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

అంచనా

ఆధునిక ఆయుధాలు, శిక్షణ పొందిన దళాలు, తంతి సౌకర్యం గల సామ్రాజ్య ప్రభుత్వాన్ని రాజు దళం దాదాపు రెండేళ్ళు ఎదుర్కొంది. ఇందుకు భూమిపై పట్టు, ప్రజల అండ, నాయకుని క్రమశిక్షణ ప్రధాన కారణాలు. ఆయుధాల విషయంలో మాత్రం మొదటి మూడు రోజుల్లో లభించినదే ఎక్కువ. తుపాకిని ఒకసారి పట్టుకుంటే అది ఏళ్ళ తరబడి ఉంటుంది. తూటా ఒక్కసారితో తీరిపోతుంది. ప్రభుత్వం తుపాకులను వెనక్కి తీసుకోలేని రోజుల్లో కూడా తూటాల దారిని మూసివేయగలిగింది. ఈ తిరుగుబాటు వీరత్వాన్ని చెప్పుకునే సందర్భాల్లో ఈ కోణం అంతగా చర్చకు రాదు.

ఒకే ఒక నాయకునిపై, పరిమితమైన ప్రాంతంపై ఆధారపడటం కూడా ఓటమికి దారితీసిందని చెప్పవచ్చు. మైదాన ప్రాంతంలో రాజు పట్ల సానుభూతి ఉన్నప్పటికీ అది ఆయుధ సహాయంగా మారలేదు.

స్మృతి చిహ్నాలు

1974లో కృష్ణ కథానాయకుడిగా అల్లూరి సీతారామరాజు చిత్రం విడుదలై ఘనవిజయం సాధించింది. 1986లో భారత తపాలా శాఖ రాజు స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2022 ఏప్రిల్ 4న మన్య ప్రాంతాలతో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. తొలి దాడి జరిగిన చింతపల్లి, ఇతడు ప్రాణాలు విడిచిన కొయ్యూరు ఆ జిల్లాలో చేరాయి. అదే సంవత్సరం జూలై 4న భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. అల్లూరి వారి పూర్వీకులు నివసించిన రాజోలు ప్రాంతం అదే ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో భాగమైంది.